సన్న తీగలు

గిటార్ పెట్టె గొళ్లెం సరిగ్గా పడటం లేదని ఇంట్లో చెప్పి, దాన్ని మోసుకుంటూ నేను బస్సెక్కిన చోట ఈ కథలో కిందటి వారం ఆగాం. గొళ్లెం నిజంగానే పడటం లేదు. ముందురోజు దాన్ని పట్టకారుతో వంచింది నేనే.

మా ఆయన ఒక పాటల బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తారు. వాయిస్తారు అనాలో, వాయించేవారు అనాలో నాకింకా తేలలేదు. మెడ దగ్గర నరం నలిగి ఆపరేషన్ అయ్యాక ఎడమచేతి వేళ్లలో కదలిక తిరిగి వచ్చింది కానీ, వేళ్ల కొసల్లో స్పర్శ రాలేదు. వేడి తెలియదు, చల్లన తెలియదు, దేన్నైనా పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలియదు. మొన్న ఫ్రిజ్‌లోంచి గుడ్డు తీసి నాకు అందించబోతే దారిలోనే చితికింది. సొన మణికట్టు మీదుగా కారుతుంటే దానివైపు చూస్తూ, "తుడువు" అన్నారు, బల్లమీద ఒలికినదేదో చూపించినట్టు.

ఆస్పత్రి వరండాలో డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, కదలిక వచ్చినట్టు స్పర్శ రాదనీ, అసలు రాకపోవచ్చుననీ చెప్పారు. మెల్లగా మీరే చెప్పండి అన్నారు. నేను గదిలోకి వెళ్లి, "వస్తుందట, కాస్త టైం పడుతుందట" అని చెప్పాను. ఆ తర్వాత నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసేది, తినేదాన్ని. నిద్ర వచ్చేది, పడుకునేదాన్ని. ఎవరో పని ఒప్పజెప్పి వెళ్లిన మనిషిలా ఇల్లు నడిపాను.

బృందాన్ని నడిపేది కీబోర్డు వాయించే ఆయన. మంచివాడు. ఇన్నాళ్లూ మా ఆయన చోటు ఖాళీగానే ఉంచాడు. ఇంక ఆగలేనని, ఈ ఆదివారం ప్రాక్టీసుకు వస్తే సరేననీ, లేకపోతే వేరే అతన్ని పెట్టుకుంటాననీ కబురు చెప్పాడు. ఆ మాట విని మా ఆయన "చూద్దాం" అన్నారు. అని గోడవైపే చూశారు.

గిటార్లు బాగుచేసే దుకాణం ఒక చెప్పుల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. గోడకు మెడలు పట్టి వేలాడదీసిన గిటార్లు. కొన్నింటికి తీగల్లేవు, ఒకదానికి పొట్టే లేదు. సోల్డరింగ్ వాసన, వార్నిష్ వాసన. దుకాణం నడిపే ఆయన్ని నేను అన్నయ్యా అంటాను. అందువల్ల ఆయన మా ఆయన్ని బావ అంటారు. ఆ వరస అడ్డం పెట్టుకుని ఇద్దరూ ఒకరినొకరు అనుకోని మాట లేదు.

నన్ను చూడగానే నవ్వారు. గొళ్లెం సంగతి చెబితే ఇంకా నవ్వారు.

"గొళ్లెం కోసం గిటార్ కూడా మోసుకొచ్చావా చెల్లెమ్మా? తాళం చెడిందని ఇల్లు మోసుకొచ్చినట్టుంది."

అప్పుడు అసలు సంగతి చెప్పాను. చేతి గురించి, ఆదివారం గురించి. వరండా సంగతి చెప్పలేదు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, బల్లమీది తుక్కంతా చేత్తో ఒకవైపుకు నెట్టి, తువ్వాలు పరిచి గిటార్‌ను దానిమీద పడుకోబెట్టారు. బావ పక్కన లేకుండా దీన్ని ఒక్కదాన్నే చూడటం ఇదే మొదటిసారి అన్నారు. మెడను కంటి దగ్గర పెట్టుకుని, గోడ తిన్నగా ఉందో లేదో చూసే తాపీమేస్త్రీలా ఒక కన్ను మూసి చూశారు.

"బావ వేసే తీగలు లావు. ఒకటి నొక్కి చూడు," అన్నారు.

నొక్కాను. ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువే అయినా దాన్ని తుడవడమే కానీ తీగమీద వేలు వెయ్యడం నాకు అలవాటు లేదు. మెడమీద అడ్డంగా ఉన్న లోహపు మెట్టుకు తాకేదాకా నొక్కేసరికి వేలి కొస మండింది. తీసి చూసుకుంటే చర్మం మీద గాడి. అది పూడుకునేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత నాకు ఇదీ అని తెలిసిన నొప్పి అది.

చేయగలిగినవి ఆయన ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవర్ కొసతో చూపించారు. ఒక సైజు సన్న తీగలు వేస్తే సగం కష్టం తగ్గుతుందట. తీగలు మొదలయ్యే చోట, బ్రిడ్జి మీద, ఒక్కో తీగ కింద చిన్న చిన్న మరలున్నాయి. వాటిని తిప్పితే తీగ కిందికి దిగి, నొక్కాల్సిన దూరం తగ్గుతుందట. మెడ చివర ఒక తెల్లటి ఎముక ముక్క ఉంది, దానిమీది గాట్లలో తీగలు కూర్చుంటాయి. ఆ గాట్లను సన్నటి ఆకురాయితో ఇంకొంచెం లోతు చేస్తే మొదటి మెట్ల దగ్గర వెన్నలా ఉంటుందట.

"మళ్లీ పాతలా కావాలంటే?" అని అడిగాను.

"తీగలు మార్చుకోవచ్చు. మరలు వెనక్కి తిప్పుకోవచ్చు. గాటు మాత్రం అరిగింది అరిగినట్టే. ముక్క కొత్తది వెయ్యాలి." ఆయన ఆ ముక్కను వేలితో తట్టారు. "ఇది బావ తనే అరగదీసుకున్న ముక్క. ఈ బల్ల దగ్గరే కూచుని. నేను చేస్తానంటే వినలేదు."

బట్టలు కొలత తగ్గించాల్సి వచ్చినప్పుడు నేను గుడ్డ కత్తిరించను. లోపలినుంచి కుట్టు వేసి మిగిలినదాన్ని మడిచి ఉంచేస్తాను. మనిషి మళ్లీ ఒళ్లు చేస్తే కుట్టు విప్పుకోవచ్చు. ఆ లెక్కన తీగలూ మరలూ సరే, గాట్లు వద్దు. ఇంతవరకూ తేలిగ్గానే తోచింది. కానీ డాక్టరుగారి మాట నిజమైతే, ఆ కుట్టు విప్పుకునే రోజు లేదు. విప్పుకునే రోజు లేనప్పుడు గుడ్డ ఎందుకు దాచాలి? చేస్తే మొత్తం చేసేయాలి కదా? దీన్ని ఆలోచిస్తున్నంతసేపూ నాకు బాధగా లేదు. లెక్క కుదరనట్టు మాత్రం ఉంది.

"గాట్ల జోలికి వెళ్లకండి అన్నయ్యా. మిగతా రెండూ చెయ్యండి," అన్నాను చివరికి.

"బావకి తెలుసా?"

తెలియదన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టేశారు.

"అయితే నేను చెయ్యను. ఫోన్ చెయ్యి, ఒక్క మాట అడుగుదాం. తిడితే నన్ను తిడతాడు, నాకు అలవాటే."

అడిగితే మా ఆయన ఏమంటారో నాకు తెలుసు. చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి ఒకసారి కప్పుకు చుట్టే దళసరి రబ్బరు తొడుగు ఇచ్చింది, పట్టు జారకుండా. ఆయన దాన్ని తిప్పి చూసి, "కప్పుకి వైద్యం చేస్తే నా చెయ్యి బాగవుతుందా?" అని సొరుగులో పడేశారు. ఆ తర్వాత కప్పులు పగిలాయి, తొడుగు సొరుగులోనే ఉంది. ఆ మనిషి గిటార్‌కి వైద్యం చేయనిస్తారా? ఈ సంగతంతా అన్నయ్యకు చెప్పాను. చెప్పి, ఆదివారం వెళ్లకపోతే ఇంక ఎప్పటికీ వెళ్లరన్నాను.

"ఇంట్లో నాకు మనిషి కనిపించట్లేదు అన్నయ్యా. కుర్చీ కనిపిస్తోంది, అందులో చొక్కా కనిపిస్తోంది."

బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాను. బహుశా అందుకే ఆయన నా మొహంవైపు చూడలేక గిటార్ వైపు చూశారు.

"కుడిచెయ్యి బాగానే ఉందిగా చెల్లెమ్మా. తీగ తాకగానే దానికి తెలిసిపోతుంది. బావ కుడిచేతిని నువ్వూ నేనూ మోసం చెయ్యలేం."

"ఆయన ఇప్పుడు ఏ చేతినీ నమ్మట్లేదు. తేడా తెలిసినా తనదే అనుకుంటారు."

అది నిజమే అన్నట్టు ఆయన తల ఊపారు. ఊపినందుకు నొచ్చుకున్నట్టు కూడా కనిపించారు. తర్వాత పాత తీగలు వదులు చేసి విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో తీగా ఊడినప్పుడల్లా గిటార్ చిన్నగా మూలిగింది. తీగల్లేని ఆ మెడను చూస్తూ కూర్చున్నాను. ఆపరేషన్‌కు తీసుకెళ్లేముందు మా ఆయన వేలి ఉంగరం, వాచీ తీయించి నా చేతికిచ్చారు. అప్పుడు కూడా ఇలాగే కూర్చున్నాను.

పని పూర్తయ్యాక అన్నయ్యే వాయించి చూశారు, శృతి సరిచేశారు, గొళ్లెం కూడా తిన్నగా కొట్టారు. పాత తీగల్ని చుట్టచుట్టి నా చేతిలో పెట్టారు. నేను దుకాణం మెట్లదాకా వచ్చాక వెనక్కి పిలిచారు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ గిటార్‌కి మెట్లు ఎత్తు. వాటిమీద సన్న తీగ గట్టిగా నొక్కితే శృతి పైకి పోతుంది. లావు తీగలకి అంత తేడా రాదు. చెయ్యి తేలిగ్గా వెయ్యమని చెప్పు."

చెబుతానన్నాను. తీగలు మార్చామని చెప్పకుండా ఆ మాట ఎలా చెప్పాలో బస్సులో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

మా అత్తయ్య గిటార్‌ని పెద్ద కోడలు అంటారు. నాకంటే ముందు ఇంట్లో అడుగుపెట్టింది కాబట్టి. పెళ్లైన కొత్తలో ఆ మాటకు ఉడుక్కునేదాన్ని. తర్వాత అలవాటైంది. ఇప్పుడు ఎవరైనా గిటార్ అంటే నాకే వింతగా ఉంటుంది. నేను లోపలికి రాగానే ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలోంచే అడిగారు.

"ఏం, పెద్ద కోడలికి నయమైందా?"

"గొళ్లెమే కదా అత్తయ్యా. సరిచేశారు."

"చేత్తో చెయ్యిగా వాడి నోటికి పడ్డ గొళ్లెం కూడా తీయించుకు రావలసింది. పొద్దుట్నించి రెండు మాటలన్నాడు. ఒకటి ఊఁ, ఒకటి ఊఁహూఁ."

పాత తీగల్ని బొత్తాల డబ్బాలో, బొత్తాల అడుగున పెట్టాను. ఆ డబ్బా నా చేతికి తప్ప ఎవరి చేతికీ రాదు. పెట్టెను ఆయన గదిలో కుర్చీపక్కన ఉంచి, మూత వేయడం మరిచిపోయినట్టు తెరిచి వదిలేశాను. ఆ రోజు ఆయన దానివైపు చూడలేదు.

మర్నాడు శనివారం. భోజనాలయ్యాక నేను గిన్నెలు తోముతున్నాను. అత్తయ్య హాల్లో కునుకు తీస్తున్నారు. కొళాయి కట్టగానే వినిపించింది. ఒక్క తీగ. తర్వాత ఇంకొకటి. సన్నగా, చిన్న స్పీకరు పెట్టె లోంచి. నేను తడి చేతులు అలాగే గాల్లో ఉంచుకుని నిలబడ్డాను. సంతోషమేమో అనుకుని లోపల వెతుక్కున్నాను. ఉండాల్సిన చోట ఏమీ తగల్లేదు. సరే, చెవులున్నాయి, విందాం అనుకున్నాను.

ఈ చెవుల గురించి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాకు సంగీతం రాదు. కానీ పెళ్లైన కొత్తలో ఆయన గదిలో తీగలు శృతి చేసుకుంటుంటే నేను వంటింట్లోంచి, "కొంచెం పైన ఉంది" అన్నానట. అనాలని అనలేదు, పంటికింద రాయి తగిలితే మొహం పెట్టినట్టు వచ్చేసింది. ఆయన పరీక్షించి చూస్తే నిజంగానే వెంట్రుకవాసి పైన ఉందట. ఆనాటి నుంచీ అది మా ఇద్దరికీ అలవాటైపోయింది. ఆయన గదిలోంచి "ఎలా ఉంది?" అంటారు. నేను చేస్తున్న పని ఆపకుండా "పైన" అంటాను, "కింద" అంటాను, లేకపోతే "ఉంది" అంటాను. పోట్లాడుకుని మాటల్లేని రోజుల్లో కూడా ఈ మూడు మాటలూ నడిచేవి. శృతి చూసే యంత్రం కొన్నాక కూడా చివరి మాట నాదే. అత్తయ్య వంట బాగుందని అబద్ధం చెప్పాను, ఆడపడుచు పాట బాగుందని చెప్పాను, ఆయన కొత్త చొక్కా బాగుందని ఎన్నిసార్లు చెప్పానో. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటానికి కూడా "ఉంది" అనలేదు. అనొచ్చని తోచనైనా తోచలేదు.

గదిలో తీగలు ఉత్తినే మీటినప్పుడు శృతి చక్కగా ఉంది. యంత్రం పెట్టుకుని సరిచూసుకున్నట్టున్నారు. తర్వాత వేళ్లు వేసి, మెల్లగా, చిన్నపిల్లలు నేర్చుకునే వరస ఒకటి మొదలుపెట్టారు. రెండో స్వరానికే నా పంటికింద రాయి తగిలింది. పైన. మూడోది ఇంకా పైన. ఆగారు. మళ్లీ మొదటినుంచి వాయించారు. మళ్లీ అంతే.

"ఎలా ఉంది?"

ఎన్ని నెలల తర్వాతో ఆ గొంతు ఆ మాట అడిగింది. చెయ్యి సరిగ్గా పడట్లేదు, అందుకే అలా ఉంది అనుకున్నాను. పడకపోయినా ముట్టుకున్నారు, వాయించారు, అడిగారు. ఈ ఒక్కరోజుకు పోనీ అనుకున్నాను. అంత వివరంగా అనుకున్నానో లేదో కూడా తెలియదు. ఆస్పత్రి గదిలో వచ్చినంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

"సరిగ్గానే ఉంది."

హాల్లోంచి అత్తయ్య గొంతు వచ్చింది, నిద్రమత్తుగా. "పెద్ద కోడలి గొంతు సన్నబడిందేమే? దానిక్కూడా పథ్యం పెడుతున్నావా?"

ఆయన మళ్లీ వాయించారు. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్కో స్వరం దగ్గరా ఆగి, వింటూ. "ఇప్పుడు?"

"సరిగ్గానే ఉందండీ."

మూడోసారి అడగలేదు. నేను చేతులు తుడుచుకుని గది గుమ్మం దగ్గరికి వెళ్లాను. గిటార్ ఒళ్లో ఉంది. కుడిచెయ్యి దాని పొట్టమీద ఆనించి ఉంది. ఎడమచెయ్యి మెడను పట్టుకునే ఉంది. పట్టుకోవడం కాదు, పిండుతోంది. వేళ్ల గోళ్లు తెల్లబడి ఉన్నాయి. ఉంగరపు వేలు కింద నల్లటి చెక్కమీద ఎర్రగా తడి. సన్న తీగ ఆ వేలి కొసలో కత్తిగీతలా దిగి ఉంది. ఇన్ని నెలలు వాయించకపోవడంతో చర్మం మెత్తబడిపోయింది. రక్తం వచ్చి ఎంతసేపైందో, ఆయనకు తెలియనే తెలియదు.

చేతిలో గుడ్డు గుర్తొచ్చింది. వెంటనే అన్నయ్య మాట. గట్టిగా నొక్కితే శృతి పైకి పోతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నారో తెలియని మనిషి చేతిలో, గట్టిగా పట్టుకోకూడని తీగలు పెట్టించుకొచ్చాను నేను.

"చెయ్యి ఇలా ఇవ్వండి," అన్నాను.

తీసుకెళ్లి కొళాయి కింద కడిగాను. ఆయన నా పక్కన నిలబడి, ఇంకెవరి చేతినో కడుగుతుంటే చూసినట్టు చూశారు. నీళ్లు ఎరుపు తగ్గి తెల్లబడ్డాక గుడ్డ చుట్టాను. ముడి ఎంత బిగించాలో ఆయన మొహం చూసి తెలుసుకోవాలి మామూలుగా. ఆ మొహంలో ఏమీ లేదు. నా అంచనాతోనే బిగించాను.

తిరిగి కుర్చీలో కూర్చున్నాక, గిటార్‌ను మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ఆయన మాట్లాడారు. ఆపరేషన్ తర్వాత ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన నోట రావడం అదే మొదలు. కోపం లేదు, దిగులు లేదు. ఒక లెక్క చేసి జవాబు చెబుతున్నట్టుగా ఉంది.

"నాకు పైన వినిపిస్తోంది. ప్రతి స్వరం పైనే. నీకు సరిగ్గా ఉంది."

నేను ఆయన వేలికి చుట్టిన గుడ్డవైపు చూశాను.

"నీ చెవి తప్పదు. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. అంటే తప్పింది నాది." తన చెవిని వేలితో చూపించారు, అదెక్కడుందో నాకు తెలియదన్నట్టు. "చెయ్యి పోయినా ఫర్వాలేదనుకున్నాను. చెయ్యి లేకపోతే ఇంకొకళ్లకి నేర్పుకోవచ్చు. కూచుని వినొచ్చు, ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పొచ్చు. చెవి ఉంటే చాలు. రోజంతా ఆ కుర్చీలో కూచుని అదే అనుకుంటున్నాను. నీకు చెప్పలేదు."

గోడవైపు చూస్తూ ఆయన ఏం చేస్తున్నారో నాకు అప్పుడు తెలిసింది. నేను కుర్చీ అనుకున్న చోట మనిషి ఉన్నాడు. కూర్చుని, ఏం మిగిలిందో సర్దుకుంటున్నాడు. ఆ మిగిలిన ఒక్కటి వంటింట్లోంచి నేను తీసేశాను, చేతులు కూడా తుడుచుకోకుండా.

ఆయన ఫోన్ అందుకున్నారు. కుడిచేతి బొటనవేలితో వెతికి నొక్కి, స్పీకరులో పెట్టి, కుర్చీ చేతిమీద ఉంచారు.

"ఎవరికి?"

"కీబోర్డాయనకి. రేపు రానని చెప్పేస్తాను. రేపే కాదు. అతనెవరో ఉన్నాడన్నారుగా, అతన్నే పెట్టుకోమంటాను."

అవతల ఫోన్ మోగుతోంది. అత్తయ్య ఎప్పుడు లేచారో, గోడ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఒక్కోసారి మోగినప్పుడల్లా నేను నోరు తెరిచాననుకున్నాను, తెరవలేదు. చెబితే ఏమవుతుంది? ఆయన చెవి ఆయనకు తిరిగి దొరుకుతుంది. తీగల సంగతి బయటపడుతుంది. నా మాటమీద ఆయనకున్న నమ్మకం పోతుంది. వీటిలో ఏది బరువో తూచడానికి నాకు లోపల ఏ స్పర్శా అందలేదు. చిత్రంగా, గొంతు మాత్రం తన అలవాటు తాను మరిచిపోలేదు.

"పైన," అన్నాను.

ఆయన తల తిప్పారు.

"శృతి పైనే ఉంది. మీకు వినిపించినట్టే. మొదట్నించీ పైనే ఉందండీ. మీ చెవి సరిగ్గానే ఉంది."

ఆయన నావైపు కాసేపు చూశారు. తర్వాత గిటార్ వైపు చూశారు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి, బ్రిడ్జి దగ్గర ఒక తీగను పట్టుకుని, అటూ ఇటూ మెల్లగా దొర్లించారు, బట్ట కొనేవాళ్లు నేత చూసినట్టు. పక్క తీగ పట్టుకున్నారు. దాని పక్కది. వేలి కొస కిందికి జారి చిన్న మరల మీద ఆగింది.

"ఇవి నా తీగలు కావు."

నేను వెళ్లి బొత్తాల డబ్బా తెచ్చి, మూత తీసి ఆయన పక్కన పెట్టాను. చుట్టను పైకి తీయబోతే రెండు బొత్తాలు దానికి చిక్కుకుని వచ్చి నేలమీద పడి దొర్లాయి. అత్తయ్య వాటివైపు చూశారు కానీ ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అంతకుముందు జరగలేదు.

ఫోన్లో మోగడం ఆగింది. "చెప్పండి మాస్టారూ," అన్నారు కీబోర్డాయన, నవ్వు గొంతుతో. "మీ ఫోన్ చూసి ఎంత సంతోషమేసిందో. రేపు వస్తున్నారుగా?"

మా ఆయన ఫోన్ వైపు చూడలేదు. పాత తీగల చుట్టను కుడిచేతిలోకి తీసుకున్నారు. నన్నే చూస్తున్నారు, ఇన్ని నెలల తర్వాత ఇల్లంతా వదిలి ఒక్క నన్నే.

"రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ సరిగ్గానే ఉందన్నావు."

"అవును."

"అంతే తేలిగ్గా ఇంతకుముందు ఒకసారి అన్నావు. వస్తుందట, టైం పడుతుందట అని." గుడ్డ చుట్టిన ఎడమచెయ్యి ఎత్తి మా ఇద్దరి మధ్యా పెట్టారు. "ఆ రోజు డాక్టరు నిన్ను వరండాలోకి పిలిచి ఏమన్నాడు?"

"హలో," అంటోంది ఫోన్. "మాస్టారూ, వినిపిస్తోందా?"